సంక్రాంతికి ఇంటినిండా జనం: చెయ్యి ఊపి ఆడే గేముల్లో ఏది కొనాలి?

కోనసీమ_కుర్రోడు
ఈసారి పండక్కి అందరూ మా ఇంటికే వస్తున్నారు. తాతయ్య, నాయనమ్మ దగ్గర్నుంచి మా అక్క కొడుకు దాకా అన్ని వయసులూ ఉంటాయి, వాడికి ఆరేళ్లు. పోయినేడు చూశాను, భోజనాలయ్యాక కాసేపు పేకాట, తర్వాత ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుని ఎవరి మూల వాళ్లు. ఏడాదికోసారి కలిసేది దీనికా అని కడుపు మండింది. అందుకే టీవీ ముందు నిలబడి బౌలింగు, టెన్నిసు లాంటివి ఆడే గేమ్ ఒకటి కొందామనుకుంటున్నా. నింటెండో కంపెనీ స్విచ్ అంటున్నారు కొందరు, వాళ్లదే పాత మెషీన్ వీ (Wii) చాలు అంటున్నారు ఇంకొందరు, ఎక్స్‌బాక్స్‌కి తగిలించే కెమెరా కైనెక్ట్ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా ఉందని మా ఫ్రెండ్ ఒకడు. నా కండిషన్ ఒకటే, జన్మలో గేమ్ కంట్రోలర్ ముట్టుకోనివాళ్లు కూడా ఆడగలగాలి. పిల్లలు ఆడుతుంటే పెద్దవాళ్లు సోఫాలో కూర్చుని చూసేదైతే నాకొద్దు.

పిక్సెల్_పంతులు
నింటెండో స్విచ్ స్పోర్ట్స్ తీసుకో, ఆలోచించకు. 2022 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఆరు ఆటలు: టెన్నిస్, బ్యాడ్మింటన్, వాలీబాల్, బౌలింగ్, ఫుట్‌బాల్, చంబారా అని జపాన్ కత్తిసాము. అదే ఏడాది నవంబర్‌లో గోల్ఫ్, 2024లో బాస్కెట్‌బాల్ అప్‌డేట్లలో ఫ్రీగా ఇచ్చారు. ఫుట్‌బాల్‌కి తప్ప ఒక మనిషికి ఒక జాయ్‌కాన్ (చేతిలో పట్టుకునే చిన్న రిమోట్) చాలు, అంటే కన్సోల్‌తో, అదే గేమ్ మెషీన్‌తో, వచ్చే జతతో ఇద్దరు ఆడొచ్చు. నలుగురు ఆడాలంటే ఇంకో జత కొనాలి, అసలు ఖర్చు అక్కడే ఉంది. ఒక్క జాగ్రత్త చెప్తా, చవగ్గా ఉందని స్విచ్ లైట్ కొనేవు, దానికి టీవీ కనెక్షనే లేదు, జాయ్‌కాన్లు ఊడి రావు. నీ పనికి అది అస్సలు పనికిరాదు.

బెజవాడ_బౌలర్
పంతులు గారూ, ఆయన అడిగింది పెద్దవాళ్ల కోసం. ఆ లెక్కన 2006లో వచ్చిన వీ స్పోర్ట్స్‌ని మించింది ఇంతవరకు రాలేదు. టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్, ఐదే ఐదు. టెన్నిస్‌లో మనిషి తనంతట తనే బంతి దగ్గరికి వెళ్లిపోతాడు, మనం చెయ్యి ఊపితే చాలు. బేస్‌బాల్‌లో ఫీల్డింగ్ మొత్తం గేమే చూసుకుంటుంది. ఎనిమిది కోట్ల పైన పోయింది ఆ గేమ్. చాలా దేశాల్లో కన్సోల్‌తో పాటే ఇచ్చారు కాబట్టి అంత అంకె, అది ఒప్పుకుంటా, కానీ వీ ఉన్న ఏ ఇంటికెళ్లినా డ్రైవ్‌లో ఉండే డిస్కు అదే.

పిక్సెల్_పంతులు
స్విచ్ టెన్నిస్‌లోనూ మనిషి తనే పరిగెడతాడండీ. పాతదానికి ఉన్న సులువు దీనికీ ఉంది.

బెజవాడ_బౌలర్
టెన్నిస్, బౌలింగ్ వరకు సరే. వాలీబాల్ పెట్టి చూడండి మీ అమ్మగారికి. ఇప్పుడు కింద నుంచి లేపాలి, ఇప్పుడు టాస్ వెయ్యాలి, ఇప్పుడు ఎగిరి కొట్టాలి, ఇప్పుడు బ్లాక్ చెయ్యాలి అని ఒక్కో బంతికి ఒక్కో పని. ఫుట్‌బాల్‌కి అయితే స్టిక్కూ బటన్లూ కూడా వాడాలి. రిమోట్‌లో సౌండ్ పెంచే బటన్ తప్ప వాడని మనిషికి అది ఆట కాదు, పరీక్ష.

ఇందూరు_పోరి
మా ఇంట్ల వీ ఉండె, మా అన్న దుబాయ్ నుంచి తెచ్చిండు. మా బాపు జిందగీల వీడియోగేమ్ ముట్టలె. బౌలింగ్ పెట్టి రిమోట్ చేతికిచ్చి, బాపూ గోళీ దొర్లిచ్చినట్టు ఇసురు అన్న, గంతే. మొదటిదాంట్లనే ఏడు పిన్నులు పడ్డయి, ఇగ ఆయన్ని లేపుడు మా అమ్మతోని గూడ కాలె. ఎన్క బీ బటన్ ఒత్తిపట్టి ఇసిరేటప్పుడు ఇడువాలె, అదొక్కటి సమజైతందుకు జర టైం పట్టింది. మా అమ్మయితె బటన్‌తోని పాటు రిమోటే ఇడిసిపెట్టింది, చేతికి స్ట్రాప్ ఉండబట్టి టీవీ బచాయించింది 😄

పిక్సెల్_పంతులు
ఇందూరు అక్క చెప్పింది ప్రపంచమంతా జరిగింది. వీ వచ్చిన కొత్తలో రిమోట్లు చేతుల్లోంచి ఎగిరి టీవీలకి తగులుతుంటే 2006 డిసెంబర్‌లో 32 లక్షల స్ట్రాపులు ఇంకా మందంగా ఉన్నవాటితో మార్చిస్తామని నింటెండోనే ప్రకటించింది. తర్వాత రిమోట్‌కి రబ్బరు తొడుగు కూడా ఇచ్చారు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఆ తాడు అరిగిందా, ముడి గట్టిగా ఉందా చూసుకోండి, అది లేకుండా పిల్లల చేతికి ఇవ్వకండి.

చెట్టుకింద_క్రికెట్
నాకు అర్థం కానిది ఒకటి. సంక్రాంతికి కోనసీమ వెళ్లి, చుట్టూ అంత ఖాళీ ఉండగా, తలుపులేసుకుని టీవీలో షటిల్ ఆడటమేంటి? రెండు బ్యాట్లు, ఒక నెట్టు కొను, పెరట్లో రెండు కొబ్బరిచెట్లకి కట్టు. గోపీచంద్, సింధు, శ్రీకాంత్ వచ్చిన నేల మనది, నిజం షటిల్ ఆడించు పిల్లలతో.

కోనసీమ_కుర్రోడు
అన్నా, పొద్దున్నా సాయంత్రం బయటే ఉంటాం, అది ఎవడూ ఆపడు. మా నాయనమ్మకి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఆవిడ పెరట్లో షటిల్ ఆడుతుందా చెప్పు. ఆవిడ కూడా ఒక ఆటలో ఉండాలని నా బాధ.

ఫిజియో_పిల్ల
పెద్దవాళ్ల విషయం కాబట్టి నేను రాయాలి. కుర్చీలో కూర్చుని కూడా బౌలింగ్ బ్రహ్మాండంగా ఆడొచ్చు, చేతులు లేని కుర్చీ వెయ్యండి, లేకపోతే మోచెయ్యి తగులుతుంది. విదేశాల్లో వృద్ధాశ్రమాల్లో వీ బౌలింగ్ టోర్నమెంట్లు పెట్టేవాళ్లు, నిలబడలేనివాళ్లు చక్రాల కుర్చీలో ఉండే ఆడేవాళ్లు.

ఇంకోటి, బాల్ బరువు లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కేసు అచ్చయింది, 29 ఏళ్ల డాక్టర్‌కి గంటల తరబడి వీ టెన్నిస్ ఆడినందుకు కుడి భుజం పట్టేసింది. చేతిలో బరువు లేకపోవడమే చిక్కు, చెయ్యి ఎక్కడ ఆపాలో శరీరానికి తెలియక గాల్లోకి విసురుతారు. పెద్దవాళ్లకి బాక్సింగ్, టెన్నిస్ రెండు గేములైతే చాలు, మధ్యలో ఆపి మంచినీళ్లు ఇవ్వండి. సాక్సులతో గ్రానైట్ మీద ఆడనివ్వకండి, ఉత్త కాళ్లే మంచిది.

404_కూకట్‌పల్లి
ఫ్యాన్ గురించి ఎవరూ చెప్పలేదేంటి!! పైన సీలింగ్ ఫ్యాన్, కింద ఆరడుగుల మా బావ, టెన్నిస్ సర్వీస్. ఇక మీరే ఊహించుకోండి. ఫ్యాన్ కింద నిలబడొద్దు, రెండడుగులు పక్కకి జరిగి ఆడండి. అపార్ట్‌మెంట్‌లో అయితే కింద ఫ్లోర్ వాళ్లకి ముందే ఒక మాట చెప్పండి, వాలీబాల్‌లో అందరూ ఎగురుతారు, నిజానికి ఎగరక్కర్లేదు చెయ్యి పైకెత్తితే చాలు, కానీ చెప్తే ఎవరు వింటారు.

డల్లాస్_గోంగూర
మా గరాజ్‌లో పాత వీ ఉంది, నాలుగు రిమోట్లతో సహా. జనవరిలో వస్తూ గుంటూరులో మా అన్నయ్య వాళ్లకి తెచ్చి ఇద్దామనుకుంటున్నా. ఏమైనా చూసుకోవాలా?

ఫేజ్_న్యూట్రల్
ముందు అడాప్టర్ వెనక ఏం రాసుందో చదవండి. అమెరికాలో కొన్న వీ అడాప్టర్ 120 వోల్టులది, మన 230లో డైరెక్టుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, లేదంటే యూరప్ మోడల్ వీ అడాప్టర్ వెతకండి, బయటికొచ్చేది రెండిట్లోనూ 12 వోల్టులే. స్విచ్ అడాప్టర్ అయితే 100 నుంచి 240 దాకా తీసుకుంటుంది, పిన్ను మార్చే ప్లగ్గు ఒకటి చాలు.

రెండోది డిస్కులు. అమెరికా వీలో అమెరికా డిస్కులే నడుస్తాయి, ఇందూరు అక్క వాళ్ల అన్నయ్య లాగా గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల దగ్గర దొరికే పాల్ (యూరప్ రకం) డిస్కులు అందులో ఆడవు. కావాల్సినవన్నీ అక్కడే కొని తెచ్చుకోండి. స్విచ్‌కి ఈ రీజియన్ గొడవ లేదు. మూడోది, వీ వెనక వచ్చేది ఎరుపు తెలుపు పసుపు పిన్నుల వైరు, కొత్త టీవీల్లో చాలావాటికి ఆ రంధ్రాలే లేవు. వీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న ముక్క దొరుకుతుంది, బ్యాగులో వేసుకోండి.

డల్లాస్_గోంగూర
ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్ అండీ. అడాప్టర్ చూశా, 120 అనే ఉంది. టీవీ దగ్గర పెట్టే సెన్సార్ బార్ మాత్రం దొరకట్లేదు, ఎక్కడ పెట్టామో. అది లేకుండా కుదరదా?

పిక్సెల్_పంతులు
కుదురుతుంది. పేరుకే సెన్సార్ బార్ గానీ అందులో సెన్సారేమీ లేదు, రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ లైట్లు అంతే. వాటిని చూసేది రిమోట్ ముందున్న కెమెరా. టీవీ ముందు కొంచెం ఎడంగా రెండు కొవ్వొత్తులు వెలిగించినా స్క్రీన్ మీద చెయ్యి గుర్తు కదులుతుంది. బంతి విసరడం, బ్యాట్ ఊపడం రిమోట్ లోపల కదలికని పసిగట్టే యాక్సిలరోమీటర్ పని, దానికి బార్‌తో సంబంధమే లేదు.

ఫేజ్_న్యూట్రల్
దీనికి తిరకాసు కూడా ఉంది. టీవీ పక్కన దీపాలు, పాతకాలం బల్బుల సీరియల్ సెట్ ఉంటే చెయ్యి గుర్తు గంతులేస్తుంది, మంటలోంచీ ఆ బల్బుల్లోంచీ ఇన్‌ఫ్రారెడ్ వస్తుంది కాబట్టి. బొమ్మల కొలువు టీవీ పక్కనే పెట్టే ఇళ్లలో ఇది గుర్తుపెట్టుకోండి. ఎల్‌ఈడీ సీరియల్ సెట్‌కి భయం లేదు.

మూడోకన్ను_కెమెరా
కైనెక్ట్ గురించి అడిగారు కదా. 2010 నవంబర్‌లో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చింది, చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు, మన శరీరమే కంట్రోలర్. రేర్ అనే కంపెనీ వాళ్లు చేసిన కైనెక్ట్ స్పోర్ట్స్ గేమ్ ఇప్పటికీ సరదాగా ఉంటుంది, పరుగుపందెంలో మోకాళ్లు పైకెత్తి నిలబడ్డ చోటే పరిగెట్టాలి. అయితే జాగా కావాలి, ఒక్కరికి ఆరడుగులు, ఇద్దరికి ఎనిమిది అడుగుల దూరం. ఒకేసారి ఇద్దరే. కిటికీలోంచి ఎండ పడితే కెమెరా తికమక పడుతుంది. వదులు బట్టలతో కూడా ఇబ్బందే, చీర, లుంగీ, పంచె కట్టుకుంటే కాళ్లు ఎక్కడున్నాయో దానికి తెలీదు. పండగ పూట మన ఇళ్లలో అందరూ కట్టేవి అవేగా.

కొంటే మాత్రం 360లో స్లిమ్ మోడల్ చూడండి, దాని వెనక కైనెక్ట్‌కి పోర్టు ఉంటుంది, లావు మోడల్‌కి విడిగా పవర్ అడాప్టర్ కావాలి. 360 ఆన్‌లైన్ స్టోర్ 2024 జులైలో మూసేశారు, కాబట్టి డిస్కులు దొరికితేనే డబ్బులు పెట్టండి.

ఇందూరు_పోరి
గట్లయితె నాయనమ్మలకు కైనెక్ట్ క్యాన్సిల్.

చిట్టి_చెల్లి
మా ఇంట్లో రూల్ ఒకటి పెట్టాం, కూర్చుని మణికట్టు మాత్రం తిప్పి ఆడేవాళ్లకి పాయింట్లు లేవు. మా తమ్ముడు సోఫాలో పడుకుని చిటికెన వేలంత కదిలించి మా పెదనాన్నని టెన్నిస్‌లో ఓడించేవాడు, ఆయనేమో చెమటలు కక్కుతూ పూర్తి చెయ్యి తిప్పి కొట్టేవాడు. రిమోట్‌కి కావాల్సింది ఒక కుదుపు, అంతే. పెద్దవాళ్లు మాత్రం ఆటని ఆటలాగే ఆడతారు, అది చూడ్డానికే బాగుంటుంది. లేచి నిలబడి ఆడాలి అన్న రూల్ వచ్చాక పెదనాన్న గెలవడం మొదలైంది.

బెజవాడ_బౌలర్
ఆ రూల్ అన్ని ఇళ్లలో ఉండాలి. (ఫిజియో గారు చెప్పిన మోకాళ్ల వాళ్లకి మినహాయింపు.)

నెల్లూరు_నెరజాణ
నేను మొదటి నుంచి చదువుతున్నా, 'మీ' (Mii) అని మన పోలికలతో బొమ్మలు తయారుచేసే సంగతి ఎవరూ రాయలేదు. వీలో మన మొహాలతో మీలు చేసుకోవచ్చు కదా, మాకు ఆట కంటే అదే పెద్ద సంబరం. ముక్కు ఇంకా పెద్దది చెయ్యి, బట్టతల పెట్టు, కళ్లజోడు కిందకి దించు అని ఇంటిల్లిపాదీ ఒకరి మొహం మీద పడేవాళ్లం. తాతగారికి తెల్ల మీసాలతో ఒకటి చేశాం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా పిల్లలు ఇప్పుడు బేస్‌బాల్ పెడితే జట్టులో ఆయన మీసాలతో నిలబడి ఉంటారు, ఎందుకంటే మనం దాచుకున్న మీలనే అది ఆటగాళ్లుగా తీసుకుంటుంది. పిల్లలు ఆయన్ని చూడలేదు, కానీ ముత్తాత బ్యాటింగ్‌కి వచ్చాడు అంటారు. ఆ మెషీన్ పాడైతే ఎలా అని నాకు బెంగ.

పిక్సెల్_పంతులు
నెల్లూరు గారూ, వీ రిమోట్‌లోనే పది మీల దాకా దాచుకోవచ్చు. వీలో ఉండే 'మీ ఛానెల్' (Mii Channel) లోకి వెళ్లి తాతగారిని రిమోట్‌లోకి కాపీ చెయ్యండి, ఇంకో వీ దొరికినప్పుడు ఆ రిమోట్‌తో అందులోకి దించొచ్చు. అది కాక స్క్రీన్‌ని ఒక ఫొటో కూడా తీసి పెట్టుకోండి, మొహం సెట్టింగులన్నీ కనపడేలా. స్విచ్‌లో కూడా సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'మీ' బొమ్మలు తయారుచేసే చోటు ఉంది, ఆ ఫొటో చూసి మళ్లీ చేసుకోవచ్చు, స్విచ్ స్పోర్ట్స్‌లో ఆ బొమ్మతో ఆడొచ్చు.

నెల్లూరు_నెరజాణ
ఇప్పుడే చేశాను. రెండు రిమోట్లలో పెట్టాను. మీకు పుణ్యముంటుంది.

న్యూజెర్సీ_పప్పన్నం
అమెరికాలో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ ఇప్పుడు నెక్స్ ప్లేగ్రౌండ్ అని చిన్న డబ్బా నడుస్తోంది, ముందు కెమెరా, వెనక హెచ్‌డీఎంఐ వైరు. చేతిలో ఏమీ ఉండదు. కైనెక్ట్ దారిలోనే, కాని చిన్న పిల్లలకి బాగా నచ్చుతోంది. ఆ కంపెనీ అంతకుముందు ఫోన్ కెమెరాతో బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్ చేయించే హోమ్‌కోర్ట్ యాప్ చేసింది, అందుకే మనిషి కదలికలు పట్టుకోవడం వాళ్లకి బాగా తెలుసు. ఎక్కువ గేములు కావాలంటే సబ్‌స్క్రిప్షన్ కట్టాలి, నాకు నచ్చనిది అదే. ఒకసారి కొన్న ఆట మళ్లీ పండక్కి తీస్తే నడవాలి.

చెట్టుకింద_క్రికెట్
అది వందశాతం ఒప్పుకుంటా. సరే ఇంత చర్చ నడిచింది, వీటిలో క్రికెట్ ఒక్కదాంట్లోనైనా ఉందా?

పిక్సెల్_పంతులు
వీ స్పోర్ట్స్‌లో లేదు, స్విచ్ స్పోర్ట్స్‌లోనూ లేదు. ప్లేస్టేషన్ 3కి మూవ్ స్ట్రీట్ క్రికెట్ అని వచ్చింది, ముంబైకి చెందిన ట్రైన్ గేమ్స్ చేసింది, మన గల్లీ క్రికెట్టే. దానికి మూవ్ కంట్రోలరు, టీవీ మీద పెట్టే ఐ కెమెరా కావాలి.

చెట్టుకింద_క్రికెట్
చూశారా, మనవాళ్లు చేస్తేనే క్రికెట్ వచ్చింది.

ఇందూరు_పోరి
వీ బేస్‌బాల్‌ల మా తమ్ముడు రిమోట్ కిందికి పట్టి స్ట్రెయిట్ డ్రైవ్ లెక్క కొడ్తడు, అయినా తగుల్తది. దానికి గావాల్సింది ఊపు, టైమింగ్.

404_కూకట్‌పల్లి
టైమింగ్ అంటే గుర్తొచ్చింది, చాలామంది ఇళ్లలో టెన్నిస్ ఎంత ఊపినా బంతి తగలట్లేదు అంటారు, మనిషి తప్పు కాదు అది. స్మార్ట్ టీవీ బొమ్మని అందంగా చేసే ప్రాసెసింగ్ వల్ల కనపడటం కొంచెం లేటవుతుంది. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చెయ్యండి, కదలికని నునుపు చేసే ఆప్షన్ ఆఫ్ చెయ్యండి. నాయనమ్మకి రాదులే అని తేల్చేసే ముందు టీవీ సంగతి చూడండి ప్లీజ్.

గోదారి_ఈత
కుర్రోడు గారూ, స్విచ్ మన దేశంలో అఫీషియల్‌గా అమ్మరు, ఇంపోర్ట్ చేసినవే దొరుకుతాయి. మా కజిన్‌కి ఒక షాపువాడు వాడిన జాయ్‌కాన్లు కొత్తవని అంటగట్టాడు. బిల్లు, వారంటీ ఎవరిస్తారో రాతలో తీసుకోండి. జాయ్‌కాన్ స్టిక్ దానంతట అదే జరిగే డ్రిఫ్ట్ అనే జబ్బు పాతవాటిలో మామూలే, 2020లో నింటెండో ప్రెసిడెంటే సారీ చెప్పాడు. అయితే టెన్నిస్, షటిల్‌లో ఆడేటప్పుడు స్టిక్‌తో పనిలేదు కాబట్టి కొంచెం డ్రిఫ్ట్ ఉన్న రెండో జత చవగ్గా వస్తే ఆ ఆటలకి అది చాలు.

కోనసీమ_కుర్రోడు
ఇది నాకు బాగా పనికొచ్చే మాట. బెజవాడ అన్న చెప్పినదానికే నా మనసు లాగుతోంది గానీ మా టీవీకి ఆ మూడు పిన్నుల రంధ్రాలు లేవు, పాత వీ బాగుచేసేవాళ్లు మా వైపు ఎవరున్నారో తెలీదు. అందుకే స్విచ్, ఎక్కువగా బౌలింగే. ఊళ్లో నెట్ ఉండీ లేనట్టు ఉంటుంది, ఇంట్లో వాళ్లం ఆడుకోడానికి నెట్ కావాలా?

పిక్సెల్_పంతులు
అక్కర్లేదు. బయటివాళ్లతో ఆన్‌లైన్ ఆడాలంటేనే నెట్టూ, సబ్‌స్క్రిప్షనూ. కాకపోతే గోల్ఫ్, బాస్కెట్‌బాల్ అప్‌డేట్లలో వచ్చినవి, ఊరికి బయల్దేరే ముందే నెట్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకో. డబ్బాలో వచ్చే గేమ్ కొంటే కాలికి కట్టుకునే స్ట్రాప్ కూడా వస్తుంది, ఫుట్‌బాల్‌లో నిజంగా కాలితో తన్నడానికి, పిల్లలకి అది పిచ్చి ఇష్టం. డౌన్‌లోడ్ కాపీకి ఆ స్ట్రాప్ రాదు.

బెజవాడ_బౌలర్
బౌలింగ్‌తో మొదలుపెడుతున్నావు, అది చాలు నాకు. నలుగురు నలుగురుగా జట్లు చెయ్యి, ప్రతి జట్టులో ఒక పెద్దవాళ్లు, ఒక పిల్లాడు ఉండేలా. పిల్లలందరినీ ఒక జట్టు చేశావో, పెద్దవాళ్లు మళ్లీ సోఫాలోకి వెళ్లిపోతారు. మొదటి బంతి నాయనమ్మ చేత వేయించు, అందరూ అయ్యాక చివర్లో పిలిస్తే నాకు రాదులేరా అంటుంది.

ఫిజియో_పిల్ల
+1. ఆవిడకి ఎడమచేతి వాటం అయితే ముందే సెట్టింగ్‌లో మార్చు.

కోనసీమ_కుర్రోడు
ఎడమచెయ్యే! ఎలా కనిపెట్టారు 😀 జాయ్‌కాన్లు నాలుగూ ఒకేసారి ఛార్జింగ్ ఎలా?

గోదారి_ఈత
కన్సోల్‌కి రెండు తగిలిస్తే ఎక్కుతాయి. మిగతా రెంటికి ఛార్జింగ్ స్టాండ్ విడిగా దొరుకుతుంది, లేదంటే భోగి ముందు రోజు రాత్రి ఒక జత, పొద్దున్నే ఇంకో జత. ఒకసారి నిండితే ఇంచుమించు ఇరవై గంటలు వస్తుంది, పండగ మూడు రోజులూ గడిచిపోతాయి.